పాట కింద పేర్లు

నేను ఎమ్మిగనూరులో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్తాను. పాటలు వినడం ఒక్కటే నాకున్న పిచ్చి. ఎవరో అమ్ముతుంటే పాత యాంప్లిఫయర్, రెండు చెక్క స్పీకర్లు తెచ్చుకున్నాను. ల్యాప్‌టాప్ నుంచి వైరు తగిలిస్తే పాటతో పాటు గుయ్‌మని ఒక రొద వచ్చేది. డాక్ కొనుక్కోమని తెలిసినవాళ్లు చెప్పారు. కంప్యూటర్‌లో అంకెలుగా ఉన్న పాటను స్పీకర్లకు పనికొచ్చే శబ్దంగా మార్చే చిన్న డబ్బా అది. ల్యాప్‌టాప్‌లో ఉండేది నాసిరకమట. నెట్‌లో చూస్తే చవకదాన్నీ ఖరీదైనదాన్నీ ఒకే మాదిరి పొగిడారు. ఇలా కాదని, చెవితో విని కొనడానికి ఒక శనివారం మధ్యాహ్నం ఆదోని వెళ్లాను.

అక్కడ రేడియోలు, యాంప్లిఫయర్లు బాగుచేసే భాయ్ ఒకాయన ఉన్నాడు. అరవై దాటిన మనిషి. నా తాహతుకు తగినవి మూడు డబ్బాలు బల్ల మీద పెట్టాడు. ఒకటి వైరు చివర వేలాడే బొటనవేలంత ముక్క. రెండోది అగ్గిపెట్టెంత ఇనుప డబ్బా. మూడోది కాస్త పెద్దది, నీలం లైటు వెలుగుతుంది.

"నీకు బాగా తెలిసిన పాట పెట్టు సార్. కొత్త పాటతో డబ్బా సంగతి తెలీదు," అన్నాడు.

మా ఊరు పెద్దకడుబూరు దగ్గర పల్లె. నేను ఇంటర్ చదివేటప్పుడు అక్కడి చర్చిలో మేం పాడిన పాట ఒకటి టేపు మీద రికార్డు చేశారు. తర్వాతెప్పుడో దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించారు. అందులో ఎవరెక్కడ ఊపిరి పీలుస్తారో కూడా నాకు తెలుసు. అదే పెట్టాను.

మొదటి ముక్కతో రొద తగ్గింది కానీ పోలేదు. ఇనుప డబ్బాకు మార్చాడు. రొద పూర్తిగా పోయింది. మొదటి చరణం అయి మేం ఆగినచోట, ఎప్పుడూ ఏమీ వినిపించని ఆ కాస్త ఖాళీలో, ఎవరో మగమనిషి మెల్లగా ఏదో అన్నాడు. మళ్లీ పాట అందుకుంది. రెండో చరణం తర్వాత కూడా అదే గొంతు.

భాయ్ తల ఎత్తాడు. "ఎవురో పేర్లు పిలుస్తాండారే."

డబ్బాలో ఏదో తేడా ఉందనుకుని మూడోది తగిలించాడు. అదే చోట, అదే గొంతు. "డబ్బాది కాదు సార్. నీ పాటలోనే ఉండాది," అని చివరిదాకా వదిలేశాడు. పాట అయిపోయాక నేను ఎప్పుడూ ఆపేసేవాణ్ణి. టేపు ఇంకా తిరుగుతూనే ఉందని నాకు తెలియదు. ఇప్పుడు ఆ గొంతు ఒక్కటే మిగిలింది. ఒక పేరు చెప్పడం, ఆగడం. ఇంకో పేరు, మళ్లీ ఆగడం. ఎవరో పలకాలని కాచుకున్నట్టుంది. అన్నీ మా పల్లె పేర్లే. ఆ గొంతు కూలీలను పిలుచుకుపోయే మా మేస్త్రీది. ఆయన చనిపోయి చాలా ఏళ్లయింది.

అంతలో మా అక్క పేరు పిలిచాడు. ఆగాడు. తర్వాత నా పేరు పిలిచాడు.

పలకబోయి నోరు మూసుకున్నాను. 

"పాత క్యాసెట్ మీద రికార్డు చేసింటారు," అన్నాడు భాయ్, నా మొహం చూసి. "కొన్ని మిషన్లు అంతకుముందు పట్టిన మాటలు సరిగా తుడిచేవి కాదు. రొదలో మునిగిపోయింటాది. ఇంతకీ ఏది తీసుకుంటావు? లైటుకు దుడ్లు పెట్టేది ఎందుకు, నడిమిది సాలు."

ఇనుప డబ్బానే తెచ్చుకున్నాను. కానీ దాంతో వేరే పాటలు వినాలనిపించలేదు. మరుసటి వారం ఊరికి వెళ్లి మేస్త్రీ భార్యను కలిసి, పాట కింద వినిపించిన పేర్ల గురించి అడిగాను. పెద్దావిడ. నడుం వంగినా జ్ఞాపకం చెదరలేదు.

"ఆయప్పకు రాసేది రాదు కదప్పా," అంది. "పనికి రానోళ్ల పేర్లు టేపులో సెప్పుకునేటోడు. పొద్దున్నే అది పెట్టుకుని విని వాళ్ల ఇండ్లకాడికి పోయి అడుగుతాండె. మీవోళ్లు పాట పట్టుకుంటామంటే ఆ క్యాసెట్ ఇచ్చింది నేనే."

"రానోళ్లవా, పెద్దమ్మా?"

"ఊ. వాంతులు, బేదులు వచ్చినాయి సూడు, ఆ యేడు."

నాకు అర్థమైంది. దసరా సెలవుల్లో నేనూ అక్కా పత్తి ఏరడానికి పోయేవాళ్లం. పాట రికార్డు చేయడానికి ముందు ఏడాది, ఊరంతా పడకేసిన ఆ వారం ఇద్దరం మంచం పట్టాం. మూడోరోజు అక్క పోయింది. మేస్త్రీ మా గడపలోకి వచ్చి నిలబడింది లీలగా గుర్తుంది కానీ ఎందుకు వచ్చాడో ఇన్నాళ్లూ తెలియదు.

"ఆయప్ప గొంతు నాకొక తూరి వినిపిస్తావా?" అని అడిగింది. ఎమ్మిగనూరుకు పిలుచుకొచ్చాను. పట్టపగలు, కిటికీలు తెరిచి, స్పీకర్ల ముందు కుర్చీ వేశాను. నా భార్య మజ్జిగ తెచ్చిచ్చి తలుపు దగ్గర నిలబడింది. పాట దాటేసి, అది అయిపోయాక వచ్చే పేర్ల దగ్గర్నుంచి పెట్టాను.

మొదటి పేరు వినగానే ఆమె ముందుకు వంగింది. రెండో పేరుకు, ఆయన ఆగినచోట, చిన్నగా అంది, "పోయినాది." ఇంకో పేరు. "ఉండాడు, గుంటూరు పక్క వలస పోయినాడు." ఇంకోటి. "పోయినాడు." ఒక్కసారి కూడా ఆమె మాట ఆయన మాట మీద పడలేదు. ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుంటున్నట్టే ఉంది. నా భార్య నా వైపు చూసింది. నాకూ కదలాలంటే భయం వేసింది.

అక్క పేరు వచ్చింది. "పోయినాది పాపం, ఎంత బాగా పాడుతాండె."

నా పేరు వచ్చింది. ఆమె నా వైపు తిరిగి కాసేపు చూసింది. "ఉండాడు. ఈడనే ఉండాడు," అంది స్పీకరుతో.

అక్కడ టేపు అయిపోయింది. ఆమె కొంగుతో మొహం తుడుచుకుని, చీకటి పడకముందే బస్సు ఎక్కించమంది. దారిలో ఈ ఏడు పత్తి గురించి తప్ప ఇంకేం మాట్లాడలేదు.

ఆ పాట తీసేయమని నా భార్య రెండుసార్లు అడిగింది. తీసేయలేదు. అది పెడితే ఆమె వంటింట్లోకి వెళ్లి తలుపు వేసుకుంటుంది. నేను మాత్రం అక్క పేరు దాకా విని, నా పేరు రాకముందే ఆపేస్తాను.