ఓడినవాళ్ళ సంగటి

అనపకాయలు ఒలుస్తూ కూర్చుంటే వేళ్ళకు జిగురు పడుతుంది. ఆ జిగురు నుంచి ఒక వాసన లేస్తుంది చూడండి, పచ్చిగా, కాస్త ఘాటుగా, మంచుకు తడిసిన ఆకువాసనలో ఎవరో నేతిచుక్క వేసినట్టు ఉండే ఆ వాసనను మా చిక్కబళ్ళాపురం వైపు సొగడు అంటారు. సబ్బు పెట్టి రుద్దినా సాయంత్రం దాకా పోదు. మొన్న నేను చాట ముందు పెట్టుకొని కాయలు ఒలుస్తూంటే మా మనవడూ వాడి ఇద్దరు స్నేహితులూ టీవీ ముందు చేరి, పోయిన వేసవిలో ఎప్పుడో అయిపోయిన అమెరికావాళ్ళ బాస్కెట్‌బాల్ ప్లేఆఫ్స్‌ను మళ్ళీ పెట్టుకొని, ఈ పొడుగువాడు గొప్పా ఆ పొడుగువాడు గొప్పా అని గొంతులు చించుకుంటున్నారు. వాళ్ళ కోపమంతా చివరికి రెఫరీ మీదికి పోయింది. వాడికి కళ్ళు లేవట, వాడు అమ్ముడుపోయాడట. నాకు నోరు ఊరుకోక, "ఆట అయినాక ఆ రెఫరీ ఎవరింట్లో తిన్నాడురా?" అని అడిగాను. ముగ్గురూ నాకేదో అయిందన్నట్టు చూశారు. నిజమే మరి, వాళ్ళకెట్లా తెలుస్తుంది?

మాది నందికొండ కింద నంది ఊరు. నా చిన్నప్పుడు రాగికోతలు అయిపోయి, పొద్దున పూట కొండ నడుము దాకా మంచు కమ్ముకొని, కళ్ళాల్లో రాతిగుండ్లు తిరుగుతూ ఊరంతా రాగిపొట్టు దుమ్ముతో తుమ్ముతూ ఉండే రోజుల్లో చెడుగుడు పందేలు మొదలయ్యేవి. మైసూరు రాజ్యం పోయి మైసూరు రాష్ట్రం వచ్చిన కొత్తలు. బెంగుళూరు నుంచి పేపరు వచ్చేసరికి మధ్యాహ్నం దాటేది, కానీ ఎక్కడో దిబ్బూరహళ్ళిలో ఎవరు ఎవర్ని పట్టారన్న కబురు మాత్రం పాలబిందెల కంటే ముందు వచ్చి కూర్చునేది. కాఫీ హోటల్లో, మంగలి బల్ల దగ్గర, బావి గట్టున, ఎక్కడ చూసినా ఇదే రచ్చ.

చెడుగుడులో ప్రాణమంతా దమ్ములో ఉంటుంది. కూతకు పోయినవాడు ఒకే దమ్ముతో 'చెడుగుడు చెడుగుడు' అంటూ అవతలివాళ్ళను ముట్టి, గీటు దగ్గరికి తిరిగి రావాలి. మధ్యలో ఊపిరి పీల్చాడా, అయిపోయాడు. ఆ దమ్ము తెగిందా లేదా అన్నది కంటికి కనిపించేది కాదు, చెవికి వినపడాలి. అందుకే అంపైరు చెవి దగ్గర చెయ్యి పెట్టుకొని, నడుము వంచి, కూతగాడి పక్కనే పరుగెత్తేవాడు.

మా వైపు అంపైర్ల పద్ధతి వేరు. ఎటూ సంబంధం లేనివాణ్ణి తెచ్చి ఈల ఇవ్వడం కాదు, రెండు ఊళ్ళలోనూ బంధుత్వం ఉన్నవాణ్ణే పట్టుకొచ్చేవాళ్ళు. "యాడనుంచో వచ్చినోడు ఈల ఊది బస్సెక్కి పోతాడప్పా. బంధువైతే యాడికి పోతాడు?" అనేవాళ్ళు పెద్దలు. పందెం రోజు ఆ మనిషి ఏ పక్కవాళ్ళ ఇంట్లోనూ మంచినీళ్ళు కూడా ముట్టకూడదు. ఆట ముగిశాక ఓడిన ఊరివాళ్ళు వచ్చి పిలిస్తే, వాళ్ళ పంక్తిలో కూర్చొని రాగిసంగటి తినాలి. పిలిచారంటే నీ మాట మాకు సమ్మతమే అని అర్థం. పిలవకుండా బండ్లు కట్టుకొని పోయారంటే నువ్వు అబద్ధం చెప్పావని పదిమందిలో అన్నట్టే, ఆ పైన రాకపోకలు ఉండవు.

ఆ ఏడు చివరి ఆట మండికల్లుకూ దిబ్బూరహళ్ళికీ పడింది. మా నాయన నందిలో మేష్ట్రు. ఆయన చెల్లెల్ని మండికల్లుకు ఇచ్చారు, మా అమ్మను దిబ్బూరహళ్ళి నుంచి తెచ్చారు. ఇంక ఈల ఎవరి మెడలో పడుతుందో వేరే చెప్పాలా?

దిబ్బూరహళ్ళి కూతగాడు మా అమ్మకు సొంత తమ్ముడు, నారాయణప్ప మామ. వాళ్ళింట్లో పట్టుపురుగుల పెంపకం. మామ నెత్తిన మల్బరీ ఆకు గంప పెట్టుకొని తోట నుంచి ఇంటిదాకా లోపల్లోపల చెడుగుడు అనుకుంటూ ఒకే దమ్మున నడిచేవాడని, గంప దించాకే ఊపిరి పీల్చేవాడని చెప్పుకొనేవాళ్ళు. మండికల్లులో మునిరాజు అని ఒకడుండేవాడు. తెల్లారి లేచి గొడ్లపాక నిండా ఉన్న బర్రెల పాలన్నీ తనే పితికేవాడు. ఆ పితికే చెయ్యి మడమ మీద పడిందంటే దేవుడొచ్చినా విడిపించలేడనేవాళ్ళు. దమ్ము గొప్పా, పట్టు గొప్పా? మా బడిలో దీని మీద పలకలు పగిలాయి. మా ఇంట్లో అయితే పొయ్యి దగ్గరే రెండు కట్లు. కూతురు మండికల్లులో ఉంది కాబట్టి మా అవ్వ మునిరాజు పక్షం. అమ్మ సంగతి చెప్పేదేముంది?

"మీ తమ్మునికి దమ్ము ఉండాదిలే. బుద్ధి యాడుండాది? కాలు తీసకపోయి వాని చేతిలో పెడ్తాడు" అనేది అవ్వ.

"మీ మునిరాజుని బర్రెల్నే పట్టుకోమను అత్తా, మనుషుల్ని పట్టేది వేరే" అనేది అమ్మ, సంగటి కెలికే తెడ్డు ఆపకుండానే. అత్తాకోడళ్ళు ఇంకే విషయంలోనూ అట్లా ఎదురుబొదురు మాట్లాడుకోగా నేను చూడలేదు. నాయన మాత్రం గోడకానుకొని నవ్వుతూ పేపరు తిప్పేవాడు. అప్పటికింకా నవ్వేవాడు.

పందెం మా ఊళ్ళోనే, రాగి కోసిన చేనును చదును చేసి పెట్టారు. రెండు ఊళ్ళవాళ్ళూ ఎద్దులబండ్ల మీద వంటపాత్రలతో సహా దిగారు. చేనుకు ఆ గట్టున మండికల్లు పొయ్యిలు, ఈ గట్టున దిబ్బూరహళ్ళి పొయ్యిలు. నానబెట్టిన అనపగింజల్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కితే పప్పు తుప్పుమని ఎగిరి గిన్నెలో పడేది. పితికిపప్పు పులుసు కుతకుతమంటుంటే కొబ్బరీ ధనియాలూ కలిసిన ఆ ఘుమఘుమకు ఆట చూడాలో తిండి చూడాలో తెలిసేది కాదు. ఊరిబిండి పచ్చడి నూరే రోటి చప్పుడు, ఓళిగలు, అవే బొబ్బట్లు, కాలే పెనం మీంచి బెల్లం పాకం వాసన. అమ్మ పుట్టింటి ఆడవాళ్ళ మధ్య కూర్చొని గింజలు పితుకుతూ నన్ను దగ్గరికి లాక్కొని, "పాపా, ఈ పొద్దు మీ నాయన మన సంగటి తినకుండా ఉంటే చాలే" అంది. అవును మరి, నాయన అక్కడ తిన్నాడంటే మామ ఓడినట్టు. అమ్మ వండుతున్న వంట అమ్మ మొగుడు తినకూడదని అమ్మే మొక్కుకుంటోంది.

పొద్దు వాలేదాకా రెండు పక్కలూ సమానంగా ఉన్నాయి. చివరి కూత మామది. ఒకణ్ణి ముట్టి వస్తే దిబ్బూరహళ్ళి గెలుస్తుంది, పట్టుబడితే మండికల్లు. మామ తొడ చరిచి పోయాడు. చేప నీళ్ళలో తిరిగినట్టు తిరిగి ఒకడి భుజం ముట్టి వెనక్కి మళ్ళాడో లేదో, మునిరాజు నేలకు అతుక్కుపోయి మడమ దొరకబుచ్చుకున్నాడు. మామ బోర్లాపడ్డాడు. పడి కూడా పాకుతున్నాడు. ముఖం దుమ్ములో ఉంది, కూత మట్టిలోకి పోతోంది. నాయన మోకాళ్ళ మీద పడి చెవి నేలకు ఆనించాడు. జనమంతా ఒకటే కేక, నా గొంతు నాకే వినపడలేదు. మామ చెయ్యి గీటు మీద పడింది. ఈల మోగింది.

దుమ్ము అణిగాక చూస్తే నాయన చెయ్యి మండికల్లు వైపు లేచి ఉంది. "గీటు ముట్టకముందే దమ్ము తెగింది" అన్నాడు.

అప్పుడు నాకు నాయన మీద ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. సొంత బావమరిది అనైనా చూడకూడదా? దిబ్బూరహళ్ళివాళ్ళు చుట్టుముట్టారు. మా తాత, అంటే అమ్మ నాయన, భుజం మీది తువ్వాలు తీసి నేలకు కొట్టి, "చెవుల్లో ఏం పెట్టుకుండావు మేష్ట్రూ?" అన్నాడు. అల్లుడా అని తప్ప ఏనాడూ పిలవని మనిషి. ఆ 'మేష్ట్రూ' వినగానే అమ్మ ముఖంలో నెత్తురు లేదు.

అవతలి గట్టున మునిరాజును భుజాలకెత్తుకొని తప్పెట్లు కొడుతున్నారు. మండికల్లు అత్త గ్లాసుతో నీళ్ళు తెచ్చింది, నాయన చేత్తోనే వద్దన్నాడు. చేని మూల ఒక బండరాయి ఉంటే దాని మీద కూర్చున్నాడు. పొద్దున్నుంచి మనిషి ఏమీ తినలేదు. పెదాలు బీటలు వారి ఉన్నాయి. అమ్మ తెడ్డు పక్కన పెట్టి, పుట్టింటివాళ్ళందరూ చూస్తుండగానే చేనుకు అడ్డంపడి నడిచి వచ్చి, ఆయన పక్కన నేల మీద కూర్చుంది. మునిరాజు గెలిచినందుకు ఎగరాల్సిన అవ్వ కూడా అక్కడికే వచ్చింది. కాసేపటికి, "ఇంటికి పోదాం పా అప్పా, నేను పెడ్తా సంగటి" అంది. నాయన తల అడ్డంగా ఊపాడు.

కొండ నీడ చేను మీదికి పాకింది. దిబ్బూరహళ్ళివాళ్ళు ఎద్దుల్ని కాడికి కడుతున్నారు. ఒక్కొక్క ఎద్దు మెడగంట మోగినప్పుడల్లా అమ్మ ఉలిక్కిపడేది. ఆ బండ్లు కదిలితే ఇంక ఆ ఊరు లేదు, పట్టుగూళ్ళ ఇల్లు లేదు, మామ లేడు. నాకంత వయసు లేకపోయినా అంతమాత్రం అర్థమైంది. ఏడుపు ఆగక అవ్వ కొంగులో తల దూర్చాను.

అప్పుడొచ్చాడు మామ. మోకాళ్ళు రెండూ దోక్కుపోయి, కనుబొమల్లో ఇంకా మట్టి. వచ్చి నాయన ముందు నిలబడ్డాడు.

"నా దమ్ము తెగల్యా బావా."

నాయన లేచాడు. "నాకి తెగినట్ల వినపడింది నారాయణా."

"వినపడిందే చెప్పినావు. సరే. నేను మాత్రం సచ్చేదాకా తెగల్యా అనే అంటా." అంటూ నాయన చెయ్యి పట్టుకున్నాడు. "పా, పులుసు ఆరిపోతాది."

కట్టిన ఎద్దుల్ని మళ్ళీ విప్పారు. నాయన మోదుగాకు విస్తరి ముందు కూర్చొని తినడం మొదలుపెట్టాడు. తాత అటు తిరిగి కూర్చున్నాడు. నాయన మొదటి ముద్ద అయిపోవచ్చింది. తాత వెనక్కి తిరగకుండానే, "ఏమ్మే, అల్లునికి ఇంకో ముద్ద ఎయ్యండి" అన్నాడు. అమ్మ కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చింది. నాకూ అప్పుడు గుర్తొచ్చింది ఆకలి.

ఆ తర్వాత ప్రతి ఏడూ అనపకాయల కాలానికి మామ ఒక సంచెడు కాయలు భుజాన వేసుకొని మా ఇంటికి వచ్చేవాడు. ఇద్దరూ పక్కపక్కన కూర్చునేవాళ్ళు. విస్తరి ముందు పడగానే, "తెగల్యా బావా" అనేవాడు మామ. "తెగింది నారాయణా" అనేవాడు నాయన. అది కాకుండా మొదటి ముద్ద నోట్లోకి పోయేది కాదు. నాకు పెళ్ళై, పిల్లలు పుట్టి, వాళ్ళు ఆ ముసలివాళ్ళను వేళాకోళం చేసే వయసుకు వచ్చినా అదే పాట.

నాయన పోయింది ఒక ఎండాకాలంలో. ఆ చలికాలం మామ వస్తాడో రాడో అనుకున్నాం, సంచితో వచ్చాడు. పులుసు వడ్డించాను. అలవాటు ప్రకారం, "తెగల్యా బా..." అని పక్కకు తిరిగి, అక్కడ గోడ తప్ప ఎవరూ లేకపోయేసరికి ఆగిపోయాడు. చెయ్యి సంగటిలోనే ఉంది. లేపడు. కలపడు. చూడలేకపోయాను.

"తెగింది మామా" అన్నాను వంటింటి గడపలో నిలబడి.

ముసలాయన తలెత్తి నిజంగానే కోప్పడ్డాడు. "నీకేం తెలుసే? మీ నాయనకి సగం చెవుడు!" అని, ముద్ద తుంచి పులుసులో అద్ది తిన్నాడు. ఆ ముద్ద గొంతు దిగేదాకా చూసి లోపలికి వెళ్ళి నేను కడుపారా ఏడ్చాను.

ఆ తర్వాత మామ బతికున్నన్నాళ్ళూ ప్రతి చలికాలం 'తెగింది' అనడం నా వంతు, కోప్పడ్డాకే ముద్ద ముట్టడం ఆయన వంతు. ఇప్పుడు మామా లేడు. ఆ చేను మీద ఇళ్ళ సైట్లు పడ్డాయి, బండరాయి ఎవరి పునాదిలో కలిసిందో తెలియదు. చెడుగుడును టీవీలో పరుపుల మీద ఆడుతున్నారు, రంగురంగుల దీపాలు, ఆగి ఆగి మళ్ళీ చూపించే కెమెరాలు. దమ్ము ఎవరూ వినక్కర్లేదు, గడియారం చూసుకుంటే చాలు. ఈల ఊదినవాడు ఏ దారిన పోతాడో, ఏం తింటాడో ఎవరికీ పట్టదు. తిట్టి టీవీ ఆపేస్తే సరి.

మా మనవడి స్నేహితులు ఇదంతా విని వెంటనే రెండు కట్లయ్యారు. ఒకడు తెగిందన్నాడు, ఒకడు చెయ్యి గీటు మీద పడ్డాకే ఈల మోగిందన్నాడు. చివరికి మనవడు నా వైపు తిరిగి, "అవ్వా, అక్కడున్నది నువ్వు. నిజం చెప్పు, తెగిందా లేదా?" అని అడిగాడు.

సంగటి వడ్డిస్తూ, "తెగింది" అన్నాను. అని, అలవాటుకొద్దీ కాసేపు ఆగాను.