రాజయ్య వేసిన బ్లేడు

సిద్దిపేటలో రంపం బ్లేడ్లు అమ్మే దుకాణంలోకి వెళితే చాలు, గ్రీసు, ఇనుము, కర్రపొట్టు కలిసిన వాసనకు ఈ వయసులోనూ నా అరచేతులు చెమరుస్తాయి. ట్రాక్టరుకు కట్టి ఊరూరా తిప్పే కర్ర కోత మిషన్ ఒకటి ఈ మధ్యే కొన్నాను. మొన్న దానికి బ్లేడ్లు ఏరుతుంటే దుకాణదారు నవ్వాడు.

"ఊళ్లె చెట్లకు గీ సన్నది వద్దన్నా. రాజయ్య బ్లేడైతది."

తప్పు బ్లేడు ఎంచుకోవడానికి మా దగ్గర ఆ పేరు పడి నలభై ఏళ్లవుతోంది. రాజయ్య తప్పు చేయలేదని తెలిసినవాళ్లలో మిగిలింది నేనొక్కణ్ణే.

కోహెడలో మా ఇంటి వెనక పెద్ద వేపచెట్టు ఉండేది. ఎండాకాలం దాని పూత మా జుట్టులో, నులక మంచాల్లో, అన్నం పళ్లెంలో కూడా రాలేది. అవ్వ సర్వపిండి కాల్చిన గంజు గిన్నెను ఆ నీడలో బోర్లించి నీళ్లు చిలకరిస్తే చుయ్యిమనేది. బతుకమ్మ రోజుల్లో నేను మలీద ముద్ద పట్టుకొని పై కొమ్మ దాకా ఎక్కి తినేవాణ్ణి. పురిట్లో బిడ్డను పోగొట్టుకొని మా ఇంటికి వచ్చిన అత్త, అంటే బాపు చెల్లెలు, ఆ చెట్టు కిందే కూర్చొని ఎవరితోనో మాట్లాడేది. గాలి సోకిందన్నారు. మంత్రాలాయన ఆమె వెంట్రుకలు చుట్టిన జానెడు మేకును చెట్టులోకి దిగగొడుతుంటే, ఒక్కో దెబ్బకూ అత్త అరిచింది. తర్వాత చెట్టెక్కినప్పుడల్లా మేకు తల నా అరికాలికి చల్లగా తగిలేది. ఏటేటా బెరడు దాన్ని మింగేసింది. ఇంట్లో ఎవరూ దాని ఊసెత్తలేదు.

నా పదకొండో ఏట, కొత్త ఇంటి దర్వాజల కోసం చెట్టు కొట్టించి, మొద్దును బండి మీద సిద్దిపేట కోత మిషన్‌కు తెచ్చాం. అక్కడ కోసేవాడు రాజయ్య. మేకుల భయం లేని కర్రకు సన్న పళ్ల కొత్త బ్లేడు, భయం ఉన్నదానికి మందపాటి పాతది వేసేవాడు. ఏది వేయాలో తెచ్చినవాళ్లను అడిగే తేల్చుకునేవాడు.

"సీలలేమన్నా కొట్టిన్రా పటేలా?"

"లేవు. నున్నగ రావాలె, కొత్తదెయ్యి," అన్నాడు బాపు.

రాజయ్య నావైపు తిరిగాడు. "చెట్టు మీది కోతివి నువ్వే గదరా! నువ్వు చెప్పు, ఉన్నయా?"

బాపు కండువాతో మెడ తుడుచుకుంటున్నాడు. అత్త సంగతి పదిమందిలో బయటపడొద్దని నాకు తెలుసు.

"లేవు మామా."

మూడో కోతలో మిషన్ అరిచింది. అది అత్త గొంతు. బ్లేడు తెగి రాజయ్య కుడిచేతి మూడు వేళ్లు తీసుకుపోయింది. మొద్దులో తెగిన మేకు తళతళా మెరుస్తోంది.

"అడిగిన సేటూ! లేవన్నరు," అన్నాడు రాజయ్య, చేతిని కడుపుకు అదుముకొని, పరుగెత్తుకొచ్చిన మిషన్ యజమానితో.

"మమ్ముల అడుగనే లేదు," అన్నాడు బాపు.

సేటు నన్ను చూశాడు. నేను నేల చూశాను.

రాజయ్య పని పోయింది. తర్వాత బస్టాండు దగ్గర ఎడమచేత్తో పల్లీలు పొట్లం కట్టేవాడు. నన్ను చూస్తే ఓ గుప్పెడు ఎక్కువ వేసేవాడు. ఎందుకు లేవన్నావని ఏనాడూ అడగలేదు. అత్త బతికినన్నాళ్లు అత్త పరువన్నాను, ఆమె పోయాక బాపు పరువన్నాను. బాపు పోయాక ఏ సాకూ లేకుండానే నోరు మూసుకున్నాను. పోయినేడు రాజయ్యా పోయాడు.

"ఆయన అడిగిండు. మేమే లేవన్నం," అని మొన్న దుకాణదారుకు చెప్పాను. చుడుతున్న బ్లేడు అతని చేతిలో ఆగింది.

"గిన్నేండ్లకా అన్నా?"

ఆ పాత కోత మిషన్ జాగాలో ఇప్పుడు షట్టర్ల దుకాణాలు లేచాయి. అడిగి బ్లేడు వేసే పద్ధతీ పోయింది; ఇనుము ఉంటే కూత పెట్టే చిన్న యంత్రం వచ్చింది. నేనూ ఒకటి కొన్నాను. అయినా మొద్దు మీద దాన్ని ఆనించేముందు ఇంటివాళ్లను ఒకసారి అడుగుతాను. చాలామంది లేవనే అంటారు. పక్కనున్న పిల్లలను మాత్రం అడగను.