చప్పట్ల బాబాయి

ఏ గదిలో అడుగుపెట్టినా గట్టిగా ఓ చప్పట కొట్టందే బాబాయి కూర్చునేవాడు కాదు. కొట్టి, తల ఒక పక్కకు వాల్చి, గోడలేం జవాబు చెబుతాయో వినేవాడు. ఏ గది పాటకు పనికొస్తుందో, ఏది పాఠానికి పనికొస్తుందో శబ్దాన్ని బట్టి తేల్చడం ఆయన ఉద్యోగం. దాన్ని ఆఫీసులో వదిలి రావడం మాత్రం ఆయనకు చేతకాలేదు.

అన్నకూతురు అద్దె ఇల్లు చూడ్డానికి తోడు రమ్మంటే, పడగ్గదిలోనూ కొట్టాడు.

"దోమలా అండీ?" అంది ఇంటావిడ కంగారుగా.

"కాదమ్మా. ఇక్కడ మొగుడూ పెళ్లాం గొణుక్కున్నా వీధికి తెలుస్తుంది. పాటల మాస్టారికిచ్చుకోండి."

ఇల్లు చెయ్యిజారింది. అన్నకూతురు వారం రోజులు ఆయన మొహం చూడలేదు.

ఆ ఏడు ముసురు రోజుల్లో ఆమె తండ్రి పోయాడు. ఆయన పాతికేళ్లు పాఠాలు చెప్పిన బడివాళ్లు ఆటల హాల్లో సంతాప సభ పెట్టారు. ఎత్తు కప్పు, బోడి గోడలు. జనం తడి గొడుగులు ముడిచి, తలలు దించుకుని కూర్చుంటున్నారు. అంతలో ఠప్పుమంది. అన్ని తలలూ వెనక్కి తిరిగాయి.

ఆమెకు తల కొట్టేసినట్టయింది. వెళ్లి చొక్కా పట్టి లాగింది. "ఇవాళైనా ఆ చేతులు ఊరుకోవా బాబాయ్? పోయింది నీ అన్నయ్య."

"అందుకేనే," అన్నాడాయన మెల్లగా. "ఈ హాలు బంతాటకు సరే, మాటకు పనికిరాదు. మైకు పెడితే అంతా ముద్దే. మీ అమ్మకు పనిచేసేది ఒక్క చెవి. మీ నాన్న గురించి నలుగురూ చెప్పేది ఆవిడ వినొద్దూ?"

ఆమె పట్టుకున్న చొక్కా వదిలేసింది. పొద్దున అమ్మ అననే అంది, "నాకేం వినబడుతుంది, వచ్చి కూర్చుంటాలే" అని. తను పట్టించుకోలేదు.

బాబాయి కసరత్తు పరుపులు మోసుకొచ్చి గోడలకు ఆనించాడు. మైకు తీయించాడు. వదినను వేదిక మీంచి దింపి ఓ మూల కూర్చోబెట్టి, చుట్టూ కుర్చీలు దగ్గరగా వేయించాడు. మాట్లాడేవాళ్లంతా ఆవిడ కుడిచెవికి నాలుగడుగుల్లో నిలబడాలన్నాడు.

"ఇది సభా, రచ్చబండా?" అని హెడ్మాస్టరు సణిగాడు. అయినా వచ్చి నిలబడ్డాడు.

ఒక్కొక్కరే చెబుతుంటే అమ్మ ప్రతి మాటకీ తలూపుతోంది. చివరికి ముసలి గుమాస్తా గొంతు సవరించుకున్నాడు. "ఆయన జన్మలో ఎవర్నీ కసురుకుని ఎరగరు."

అమ్మ కూతురి వైపు వంగి, గుసగుస అనుకుని హాలంతా వినబడేలా అడిగింది: "ఎవరి గురించే ఈయన చెప్పేది?"

ముందు బాబాయి నవ్వాడు, తర్వాత అందరూ. ఇన్నాళ్లకు అమ్మ కూడా నవ్వింది.

"అబద్ధమైనా బాగుంది," అంది గుమాస్తాతో. "ఇంకోసారి చెప్పండి బాబూ."