కోళ్లతో వరస కలిపిన వదిన

మా వదిన పెరటి కోళ్లకు మా ఇంటివాళ్ల వరసలే పేర్లుగా పెట్టి, పొద్దున్న లేస్తే వాటిని తిట్టిపోసేది. మామీద ఉన్న కసి అలా తీర్చుకుంటోందని మా వాళ్ల తీర్మానం. నేను పుస్తకం పట్టుకుని కిటికీ దగ్గర కూర్చునే మనిషిని కనక నా తీర్మానం ఎవరూ అడగలేదు.

గోడవారన రేకు కప్పిన గూడు. దాని తలుపు తీసి, తౌడులో నూకలు కలిపి పళ్లెంలో పోస్తూ మొదలుపెట్టేది.

“ఏం అత్తా, తిన్నది అరిగేలా రెండడుగులు వేస్తే ఏం పోతుంది? ఓ ఆడబిడ్డా, పక్కవాళ్ల పళ్లెంలో ముక్కు పెట్టకపోతే నీకు పొద్దుపోదా? మీ అత్తారింట్లోనూ ఇదే వరసా?”

పక్కింట్లోకి దర్జీ కొత్తగా అద్దెకు దిగిన రోజుల్లో గోడమీంచి పలకరించాడు. “ఇవాళ సందడి తక్కువగా ఉందేం అక్కా?”

“మా అత్తకి పేలు పట్టాయి తమ్ముడూ. ఒళ్లంతా బూడిద రాసి గంప కింద మూసేశాను.”

దర్జీ కుట్టుమిషన్ ఆ పూట మళ్లీ తిరగలేదు. సాయంత్రం మా వాకిట్లోకి వచ్చాడు. కుర్చీలో కూర్చున్న మా అమ్మను చూసి, “బాగున్నారా పెద్దమ్మా?” అన్నాడు. అయినా నమ్మకం కుదరక గంప కోసం ఇల్లంతా కలయజూసి వెళ్లాడు.

అమ్మకు మాత్రం నవ్వు రాలేదు. ఆఖరి నాలుగేళ్లూ వదిన చేత్తో ఇచ్చిన మంచినీళ్లు ముట్టలేదు. మోకాళ్లు పట్టుకుని తనే లేచి కుండ దగ్గరికి వెళ్లేది. మా చెల్లెలు నాలుగు రోజులు ఉందామని వచ్చి, పెరట్లో తన వరస చెవిన పడగానే బ్యాగు విప్పకుండా వెళ్లిపోయింది. వదిన గేటుదాకా వెళ్లింది. ఏదో అంటుందనుకున్నాను. గడియ వేసి, గుడ్లు ఏరడానికి వెళ్లింది.

అన్నయ్యది ఒకటే సిద్ధాంతం: గుడ్డు పెట్టని కోడికి మేత దండగ. ఆదివారం వస్తే కత్తి నూరుకుని పెరట్లోకి దిగేవాడు.

“ఇది బాగా బలిసింది.”

“అది మీ పెద్దత్తండీ.”

నిప్పు ముట్టుకున్నట్టు వదిలేసేవాడు.

“పోనీ ఈ పుంజు? కూతకి తప్ప ఎందుకూ పనికిరాదు.”

“మామయ్యగారిని అంత మాటంటారా?”

కన్నతండ్రి వరస చెప్పాక ఎవరికి చెయ్యి లేస్తుంది? “నీ నోరు పడిపోనూ, పోయినవాళ్లనీ వదలవా?” అని గొణుక్కుంటూ బజారుకెళ్లి మాంసం తెచ్చుకునేవాడు.

కిటికీలోంచి నాకు మరొకటి కూడా కనబడేది. వదిన అప్పుడప్పుడూ ఒక్కో కోడిని చంకలో ఇరికించుకుని, తోక కింద ఎముకల మధ్య వేళ్లు ఆనించి చూసేది. మూడు వేళ్లు పడితే గుడ్లు పెడుతున్నట్టు. ఒక్క వేలే పడితే ఉడిగిపోయినట్టు. పెట్టేవాటికి పేర్లే లేవు. ఎర్రది, చుక్కలది, బోడిమెడది, అంతే. ఒక్క వేలు పట్టిన రోజునే ఆ కోడి మాకు చుట్టమయ్యేది.

అమ్మ ఉండగానే నాకీ సంగతి తెలుసు. చెబితే అన్నయ్య చెవిన పడుతుంది, కోళ్లు పోతాయి అని సర్దిచెప్పుకున్నాను. అసలు సంగతి, నాకు గొడవంటే భయం. అమ్మ చెవిలో ఒక్క మాట వేసి ఉంటే ఆవిడ కుండ దాకా లేచి వెళ్లే అవసరం ఉండేది కాదు.

అమ్మ పోయిన మరుసటి ఏడు, అన్నయ్య పైఅధికారి మా ఇంటికి భోజనానికి వస్తానన్నాడు. అన్నయ్య పెరట్లోకి వెళ్లి బూడిదరంగు కోడిని రెక్కలు పట్టి ఎత్తాడు. దాని తురాయి పాలిపోయి, గుడ్లు మానేసి నెలైంది. వదిన పరుగున వచ్చింది.

“ఇదెవరో చెప్పు,” అన్నాడు అన్నయ్య. “అమ్మ అయింది, నాన్న అయ్యాడు. చెల్లెలు, అత్తలు, పిన్నులు, అందరూ అయిపోయారు. తిట్టడానికి ఇంకెవరు మిగిలారు?”

వదిన నోరు తెరిచింది. మాది చిన్న వంశం. వరస దొరకలేదు. కత్తి కోడి మెడ దగ్గరికి వచ్చింది.

“అది నేనన్నయ్యా,” అన్నాను కిటికీలోంచి.

ఆ కిటికీకి నోరుందని అన్నయ్యకు అప్పుడే తెలిసింది. “నువ్వేంట్రా?”

“ఆ కోడి. మరిది.”

“అది పెట్టకోడిరా.”

“అయితేనేం? తినడం, మూల కూర్చోవడం. పోలిక సరిపోయింది.”

అన్నయ్య నన్నూ, వదిననూ, కోడినీ మార్చి మార్చి చూశాడు. “ఇంటిల్లిపాదికీ పిచ్చెక్కింది,” అని కోడిని కింద పడేసి లోపలికి వెళ్లిపోయాడు. ఆ పైఅధికారికి గుడ్ల కూరే పెట్టాం.

వదిన కోడిని చంకలోకి తీసుకుని కిటికీ దగ్గరికి వచ్చింది.

“నీకెప్పటినుంచి తెలుసు?”

“చాలా రోజులైంది.”

“అత్తయ్య ఉన్నప్పటినుంచా?”

నేను పుస్తకంలోకి చూశాను. ఆవిడ కోడిని తీసుకుని గూటి వైపు వెళ్లింది.

మర్నాడు పొద్దున్నే గూటి తలుపు చప్పుడైంది.

“ఏం మరిదీ, నోట్లో నాలుక లేదా? చెప్పాల్సిన మాట చెప్పాల్సినప్పుడు చెబితే అరిగిపోతావా? వేళకి మేత మాత్రం పడాలి.”

కోడి తల వంచుకుని నూకలు ఏరుకుంది. నేను తల వంచుకుని కాఫీ తాగాను. తిట్టు ఇద్దరికీ సమంగానే వచ్చింది. పంచదార మాత్రం నా గ్లాసులో ఒక చెంచా ఎక్కువే పడింది.