మా ఆడపడుచు కోసిన సీటు

మా ఆడపడుచును బజారులో అందరూ సూదక్క అంటారు. మోటారు సైకిళ్లకు సీట్లు కుడుతుంది. ఆమె కొట్టు అంటే ఒక బల్ల, ఒక కుట్టుమిషను, గోడకు ఆనించిన రెక్సిన్ చుట్టలు, మూత సరిగా పడని జిగురు డబ్బా. ఆమె కుట్టిన సీటులోకి వాననీరు దిగదని పేరు. చిన్నప్పుడు జ్వరం వచ్చి కుడికాలు సన్నబడిపోయింది. మిషను ఎడమకాలితోనే తొక్కుతుంది. ఊళ్లో సగం బండ్లకు సీట్లు కుట్టిన మనిషి, ఒక్క బండైనా నడిపి ఎరగదు.

మా ఆయన పోయాక ఆయన బండి వరండాలోనే ఉండిపోయింది. నేను దాన్ని తుడుస్తూ ఉండేదాన్ని, ఎవరినీ ఎక్కనిచ్చేదాన్ని కాదు. సీటు మీద ఆయన కూర్చున్న చోట గుంట పడి ఉంది. కుడివైపున అది మరికాస్త లోతు. వెనక జేబులో ఆయన పెట్టుకునే పర్సు అంత లావుండేది. డబ్బు తప్ప అన్నీ ఉండేవి అందులో. పాత రసీదులు, మందుల చీటీలు, అరిగిపోయిన తాళంచెవులు. దాని మూల నొక్కి నొక్కి, వేళ్లు పట్టేంత గుంట అయింది. ఆయన బట్టలు ఉతికేశాక వాటిలో ఆయన వాసన పోయింది. ఈ గుంట మాత్రం పోలేదు. తుడిచే చెయ్యి అక్కడికి రాగానే ఆగేది.

ఒక మధ్యాహ్నం ఆమె వచ్చి బండి చుట్టూ తిరిగి చూసింది.

"వదినా, అన్నయ్య బండి నాకిస్తావా?"

"నీకా? కాలు నేలకి అందొద్దూ?"

"అందేలా చేసుకుంటా. నేర్పిస్తా నేర్పిస్తా అంటూనే పోయాడు మహానుభావుడు. ఇక నాకు నేనే నేర్చుకోవాలి."

నేను గుడ్డ తీసుకుని మళ్లీ తుడవసాగాను.

"పోనీ అమ్ముతావా?"

"అమ్మను."

"నువ్వు నడుపుతావా?"

"నాకేం వచ్చు?"

"ఇలా తుడుస్తూ కూర్చుంటే బండికి తుప్పు పట్టదులే. నీకే పడుతుంది."

లోపలికి వెళ్లి తాళం తెచ్చి ఆమె చేతిలో పెట్టాను. సీటులో గుంట సంగతి మాత్రం దాచుకున్నాను.

ముందు వెల్డింగు కొట్టుకు తీసుకెళ్లింది. వెల్డింగు అతను ఆమెను, బండిని మార్చి మార్చి చూశాడు.

"ఈ తంటా అంతా ఎందుకక్కా? హాయిగా ఒక స్కూటర్ కొనుక్కోరాదూ?"

"నిన్ను సలహా అడిగానా, పైపు అడిగానా?"

"పైపే అడిగావు."

"మరి అదేదో చూడు."

హ్యాండిల్‌ను ఆమె చేతులకు అందేలా దగ్గరికి వంచి అతికించాడు. కుడికాలితో తొక్కే బ్రేకును తీసేసి, ఎడమచేతికి క్లచ్ కిందే ఇంకో చిన్న లివర్ పెట్టించుకుంది. వెనక స్ప్రింగులు పాతసామాన్ల కొట్టులో వెతికి పొట్టివి తెచ్చింది. బటన్ నొక్కితే స్టార్టయ్యే బండి కాబట్టి కిక్కు కొట్టే బాధ లేదు. ఇంత చేసినా కాలి వేళ్లు మాత్రమే నేలకు తగులుతున్నాయి. ఇక మిగిలింది సీటే.

కొట్టులో నా ఎదుటే కవరు విప్పింది. పసుపుపచ్చ స్పాంజిలో గుంట ఇంకా బాగా కనిపించింది. అందులో చెయ్యి పెట్టి, "ఇదిగో వదినా, అన్నయ్య పర్సు" అంది. ఇద్దరం నవ్వాం. తర్వాత ఇద్దరికీ నవ్వు ఆగిపోయింది. ఆమె చేతిలో పొడుగు కత్తి ఉంది.

"కొయ్యకపోతే నాకు కాలు ఆనదు వదినా."

"కొయ్యి" అన్నాను. అని బయటికి వచ్చి నిలబడ్డాను. స్పాంజి కోస్తుంటే గుడ్డ చింపినంత చప్పుడైనా రాదు. అయినా నాకు వినిపించింది.

తీరా బిగించాక చూస్తే అంత పనీ తప్పయింది. బండిని నడిమి స్టాండు మీద నిలబెట్టి కొలత తీసుకుంది. స్టాండు మీద బండి ఎత్తుగా ఉంటుందన్నది తట్టనే లేదు. పాపం, ఆమె దగ్గరికి సీట్లు ఊడదీసి తెస్తారు, బల్ల మీద పెట్టి కుట్టి ఇస్తుంది. బండి ఎలా నిలబడితే ఆమెకేం? కిందికి దించి కూర్చునేసరికి మోకాళ్లు మోచేతుల దాకా వచ్చాయి, కింద ఇనుపరేకు తగిలింది.

"ఊరందరికీ పరుపులు కుట్టి నీకు పెనం పెట్టుకున్నావేంటక్కా!" అన్నాడు వెల్డింగు అతను. అందరికంటే ముందు ఆమే పడీపడీ నవ్వింది.

"కోసిన ముక్క మళ్లీ పెట్టేస్తే సరిపోదూ?" అన్నాను, ఆశగా.

"అది అన్నయ్య కొలత. నాకు నప్పదు" అంటూ ముందుభాగంలో కొత్త గట్టి స్పాంజి వేసుకుంది. ఆ ముక్క ఏమైందో అడగలేకపోయాను. తలగడలు నింపేవాళ్లు పట్టుకెళ్లే చెత్తగోతాంలోకి పోయి ఉంటుందనుకున్నాను.

ఇటుకబట్టీ వెనక మైదానంలో ఎవరి సాయం లేకుండా నేర్చుకుంది. పడింది, లేచింది, మోచేయి గీరుకుంటే పసుపు రాసుకుని మళ్లీ ఎక్కింది. కొట్టుకు సెలవు రోజున కాలువగట్టు వెంట పొలాల్లోకి పోయేది. కనుబొమల మీద దుమ్ముతో వచ్చి, ఎక్కడ బాతులు అడ్డం వచ్చాయో, ఎక్కడ పొద్దుతిరుగుడు పూసిందో చెప్పేది. ఆ మొహంలో అంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు.

మొన్న పొద్దున్నే గుమ్మం ముందు హారన్ కొట్టింది.

"రా వదినా, ఎక్కు. ఒకపక్కకి కూర్చుంటే నాకు బండి ఒరిగిపోతుంది. రెండువైపులా కాళ్లేసుకో."

"ఈ వయసులోనా? చూసినవాళ్లు నవ్విపోతారు!"

"నవ్వనీ. వాళ్లకీ పొద్దుపోవాలిగా."

సిగ్గుపడుతూనే ఎక్కాను. కాలువగట్టు ఎక్కేదాకా ఆమె భుజాలు వదల్లేదు. ఎంత నేర్పుగా నడుపుతోందో! గతుకుని దూరంనుంచే చూసి నెమ్మదించేది. ఆగాల్సి వస్తే ఎడమవైపు కాస్త ఎత్తుగా ఉన్న చోటు చూసి, మంచికాలు అక్కడ ఆనించేది. రోడ్డంతా ఆమె కాలికి సరిపడా ఉన్నట్టే అనిపించింది.

భయం తగ్గి సర్దుకుని కూర్చున్నాక తెలిసింది. కుడివైపు నా ఒళ్లు కాస్త కిందికి దిగుతోంది. చెయ్యి కిందపెట్టి తడిమాను. కొత్త కవరు కింద, వేళ్లు పట్టేంత గుంట.

తూము దగ్గర బండి ఆపింది. వెనక్కి తిరగకుండానే అడిగింది.

"సీటు ఎలా ఉంది వదినా?"

నా చెయ్యి ఇంకా ఆ గుంట మీదే ఉంది. "కుడిపక్క కొంచెం దిగింది" అన్నాను.

"సరిచేయమంటావా?"

"చెయ్యి పెట్టావంటే ఊరుకోను."

"అమ్మో, అయితే గట్టిగా పట్టుకో" అని బండిని ముందుకు పోనిచ్చింది.