ఆ ఆదివారం లేవని చేతులు

మొన్న ఓటు వేయడానికి వెళితే, మా పోలింగు కేంద్రం వన్ టౌన్‌లోని ఆ పాత స్కూల్లోనే పెట్టారు. నా చేతికర్ర చూసి లేడీ కానిస్టేబులు జాలిపడింది. "పెద్దాయనా, మీరు లైన్లో నిలబడక్కర్లేదు, ఇలా వరండాలో కూర్చోండి" అని కుర్చీ తెచ్చి వేసింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "నన్ను వరండాలో కూర్చోబెడతావా?" అని గయ్‌మన్నాను. పాపం, ఆ పిల్ల బిత్తరపోయింది. తనకేం తెలుసు? ఆ వరండాకి ఇప్పుడు గ్రిల్లు ఉంది, ఫ్యానుంది, గోడకి నీలం రంగుంది. నేను చెప్పే రోజుల్లో అక్కడ ఉన్నదల్లా సముద్రం మీంచి వచ్చే గాలీ, ఆ గాలికి కూర్చోబెట్టిన మా వాడ పిల్లలూ.

స్టీలు ప్లాంటు కోసం అటువైపు ఊళ్లు ఖాళీ చేయిస్తున్న కాలం అది. ఫిషింగ్ హార్బర్ కొత్త. నేను అక్కడి ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలు లాగేవాణ్ణి. నా చదువు మూడో తరగతితో సరి. ఆ తర్వాత చదివిందంతా పొట్లాల కాగితాల్లోనే. బెల్లం కట్టిన కాగితంలో పార్లమెంటు వార్తలుండేవి, జీలకర్ర పొట్లంలో కోర్టు తీర్పులుండేవి. వార్త సగంలో చిరిగిపోతే మిగతా సగం ఏ కొట్లో దొరుకుతుందా అని బజారంతా తిరిగిన రోజులున్నాయి. అలా చదివినవాడికి రెండు జబ్బులు పట్టుకుంటాయి. ఒకటి కోపం, రెండోది తనకి అన్నీ తెలుసనే నమ్మకం. ఈ కథలో మొదటిది కొంత పనికొచ్చింది. రెండోది కొంప ముంచింది.

మా అప్ప, మా వైపు అక్కని అలాగే అంటాం, హార్బర్లో చేపలు వేలంలో పాడుకుని గంపనెత్తుకుని వీధులు తిరిగేది. బావ బోటు మీద పోతే వారం పది రోజులకి గాని ఒడ్డు చూసేవాడు కాదు. వాళ్లకి ఒక్కతే కూతురు. ఆ స్కూల్లో ఏడో తరగతి చదువుతోంది. ఒక సంఘం నడిపే బడి అది. గవర్నమెంటు గ్రాంటు వచ్చేది, పాఠాలూ బాగానే చెప్పేవారు. కాకపోతే మా వాడ పిల్లల దగ్గర నీచు వాసన వస్తోందని ఎవరో పెద్దింటివాళ్లు అభ్యంతరం చెప్పారట. అప్పట్నుంచి ఆ తరగతిలోని మా పన్నెండు మందినీ తలుపవతల వరండాలో కూర్చోబెట్టేవారు. పాఠం వినపడేది. బోర్డు సగమే కనపడేది. మా మేనకోడలు చెప్పేది, "మావయ్యా, లెక్క కనిపిస్తాది, జవాబు కనపడదు. అది నేనే సేసుకుంటాను" అని. ఆ మాట విని అప్ప నవ్వేది. నాకు మాత్రం అన్నం సహించేది కాదు.

ఆ ఏడాది ఇంకో మాట బయటికొచ్చింది. వరండా పిల్లల్ని ఏడో తరగతి పరీక్షకి పంపరట. తప్పితే స్కూలు పేరు పోతుందట. అందుకని ఏడులోనే ఇంకో ఏడాది ఉంచుతారట. మా వాడలో ఆడపిల్లని ఒక ఏడాది ఉంచడమంటే ఇక బడి మాన్పించడమే. మరుసటేడు గంప నెత్తికెక్కుతుంది, అంతే.

అదృష్టమో ఏమో, అప్పుడే స్కూలు కమిటీ ఎన్నికలు వచ్చాయి. తల్లిదండ్రుల తరఫున ఒక్క సీటు. నేను ఆ స్కూల్లో తెలుగు చెప్పే టీచరమ్మగారి దగ్గరికి వెళ్లి రూల్సు పుస్తకం అడిగాను. చర్చికి వెళ్లబోతూ గుమ్మంలో నిలబడ్డారావిడ. "చదివి ఇచ్చెయ్యి బాబూ, నేనిచ్చానని మాత్రం అనకు" అన్నారు. రెండు రాత్రుల్లో దాన్ని కంఠతా పట్టాను. అందులో స్పష్టంగా ఉంది: ఓటు చీటీ మీద, రహస్యంగా. ఇంకేం! మా అప్పని నిలబెట్టాను.

"నానేటి, కమిటీ ఏటిరా? కుర్సీలో కూకుంటే నాకు నిద్దరొచ్చెత్తాది" అంది అప్ప.

"నీకు నిద్రొస్తే నీ కూతురికి గంపొస్తుంది" అన్నాను.

మూడు సాయంత్రాలు వల మరమ్మతు చేసే షెడ్డులో, అన్ని తరగతుల్లోనూ ఉన్న మా వాడ పిల్లల తల్లుల్ని ముప్ఫై మందిని కూర్చోబెట్టి చీటీ ఎలా మడవాలో, గుర్తు ఎక్కడ వేయాలో, పెట్టెలో ఎలా వేయాలో నేర్పాను. మీటింగు ఆదివారం పది గంటలకి పెట్టారు. హార్బరు పాట ముగించి వీళ్లు వీధుల్లో తిరిగే వేళ అది. అది తెలిసే పెట్టారని ఇప్పటికీ నా అనుమానం. సరుకు పాడవకుండా మా ఫ్యాక్టరీ గుమ్మంలో విరిగిపడ్డ ఐసు ముక్కలు మోసుకొచ్చాను. స్కూలు గేటు పక్కన ముప్ఫై గంపలు, వాటిమీద తడిగోనెలు. లోపల హాల్లో ముప్ఫై మంది ఆడవాళ్లు, గోడవారగా, చేతులు కొంగులో చుట్టుకుని. పిల్లలు లేనివాణ్ణి కాబట్టి నాకు ఓటు లేదు. గుమ్మంలో నిలబడ్డాను.

కమిటీ ప్రెసిడెంటుగారు బెల్లం హోల్‌సేల్ వ్యాపారి. మర్యాదస్తుడే, గొంతెత్తి ఎరగడు. "చీటీలంటే పొద్దుపోతుంది, చేతులెత్తేద్దాం, ఎవరికైనా అభ్యంతరమా?" అన్నారు. నేను గుమ్మంలోంచి రూలు నంబరుతో సహా అరిచాను. "మీరు పేరెంటా?" అన్నారు మెత్తగా. ముందు, అప్పకి పోటీగా నిలబడ్డ బట్టల కొట్టాయన పేరు చదివారు. ఇరవై పైన చేతులు లేచాయి. తర్వాత మా అప్ప పేరు.

మూడు చేతులు లేచాయి. పోర్టులో పనిచేసే ఒక కళాసీవి, ఇంకో ఇద్దరివి. గోడవార ముప్ఫై మందిలో ఒక్క కొంగు కదల్లేదు. మా అప్ప సిగ్గుతో తన చెయ్యి కూడా ఎత్తుకోలేదు.

బయటికొచ్చాక నేను ఏమేం తిట్టానో రాయను. చివరికి గంపకి గోనె సర్దుకుంటూ ఒక పెద్దావిడ అంది, "అలగ అరుత్తావేటి తమ్ముడా? సెయ్యెత్తితే నాకంటగట్టెయ్యరేటి? ఆ కుర్సీ నానేటి సేసుకుంటాను?"

"మరే! నానూ అందుకే కొంగులో పెట్టీసినాను" అంది ఇంకొకామె.

అప్పుడు తెలిసింది నాకు. హార్బరు పాటలో చెయ్యెత్తితే సరుకు నీదే. వెనక్కి తీసుకోడానికి లేదు. పొరపాటున దోమని తోలినా గంప నీ నెత్తికే. అందుకే పాట దగ్గర మా ఆడవాళ్లు చేతులు కొంగులో చుట్టుకుని నిలబడతారు. ఆ సంగతి రోజూ చూసేవాణ్ణి నేనే. వాళ్లకి చీటీ మడవడం నేర్పానే గాని, చీటీ లేకపోతే ఏం చేయాలో చెప్పలేదు. పుస్తకంలో రాసింది జరిగి తీరుతుందని నమ్మాను. పొట్లాల చదువు!

నేను తల పట్టుకుని మెట్ల మీద కూర్చుంటే అప్ప మాత్రం పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని, "రండోలమ్మా" అని వెనక్కి తిరిగింది. ముప్ఫై మందీ మళ్లీ హాల్లోకి. ప్రెసిడెంటుగారు సంతకాలు పెట్టిస్తున్నారు.

"అయిపోయిందమ్మా, మినిట్సులో రాసేశాం" అన్నారు.

"కుర్సీ వొద్దు బాబూ, మీకాడే ఉంచండి. నానొక పాట పెడతాను, ఇనండి" అని అప్ప వాళ్లవైపు తిరిగింది. హార్బర్లో పాటగాడి గొంతు అచ్చం అలాగే దింపింది. "వొరండాలో పిల్లలు పన్నెండు మంది! ఏడో తరగతి పరీచ్చకి కూకోవాల! పిల్లల్ని పంపి తీరతాం, వెనక్కి తీసుకోం అన్నోలు సెయ్యెత్తండి!"

ముప్ఫై కొంగులు ఒక్కసారి విచ్చుకున్నాయి. పొలుసులు అంటుకున్న చేతులు. ఇది బేరమని తెలుసు, ఎత్తితే తమదేనని తెలుసు, అందుకే ఎత్తారు. కళాసీ ఎత్తాడు. గెలిచిన బట్టల కొట్టాయన అటూ ఇటూ చూసి తనూ ఎత్తాడు. వెనక బెంచీ దగ్గర టీచరమ్మగారి చెయ్యి కూడా లేచింది. హెడ్మాస్టరుగారు ఆవిడ వంక చూసి, తర్వాత చాలాసేపు కిటికీలోంచి బయటికి చూశారు. ప్రెసిడెంటుగారు, "దీనికి రూల్సులో చోటు లేదమ్మా" అన్నారు. అది నిజమే, నేను చదివాను కదా.

కొన్నాళ్లకి పరీక్షకి పంపేవాళ్ల జాబితా నోటీసు బోర్డు మీద పెట్టారు. అడుగున పన్నెండు పేర్లు వేరే సిరాతో, హెడ్మాస్టరుగారి దస్తూరీతో ఉన్నాయి. అందరూ పాసయ్యారంటే అబద్ధమవుతుంది. అయిదుగురు తప్పారు. వరండా కూడా ఇంకో రెండేళ్లు అలాగే నడిచింది. మా అప్ప ఏనాడూ ఏ కుర్చీలోనూ కూర్చోలేదు, కూర్చోకుండానే పోయింది. మేనకోడలు మాత్రం ఇవాళ ద్వారకా నగర్‌లో ఒక కోచింగు సెంటర్లో లెక్కలు చెబుతోంది. బోర్డు మీద లెక్క వేసి, జవాబు రాయకుండా వదిలేస్తుందని దాని శిష్యులు గొణుక్కుంటారట.

ఓటు వేసి వస్తూ, ఆ కానిస్టేబులు పిల్ల వేసిన కుర్చీలో కాసేపు కూర్చున్నాను. గ్రిల్లు లోంచి గాలి అదే. ఆ ఆదివారం పదింటికి లేవాల్సిన చేతులు పదకొండింటికి లేచాయి. తర్వాతి నలభై ఏళ్లూ ఎప్పుడు గడిచిపోయాయో తెలియదు గాని, ఆ గంట మాత్రం నాకు ఇంకా గడవలేదు.