మళ్ళీ అదే ప్రసంగం

హెల్లువీక్ గుడిలో హానుస్ నోటివెంట వచ్చే మాటల్లో ఒక్కటీ అతని సొంతం కాదు. ఆ సంగతి ఊరందరికీ తెలుసు, అలా ఉండాలనే వాళ్ళ కోరిక కూడా. ఫారో దీవుల్లో ఒక్కో పాస్టరుకు అరడజను ఊళ్ళు, మధ్యలో సముద్రం. తమ ఊరి వంతు వచ్చిన ఆదివారం, అలలు ఒప్పుకుంటే, ఆయన పడవలో వస్తాడు. మిగతా ఆదివారాలు ఊళ్ళోవాడే ఒకడు నిలబడి, ప్రసంగాల పుస్తకంలో ఆ వారానికి ఏది అచ్చువేసి ఉందో అది చదువుతాడు. చదవడం వరకే. సొంతంగా ఒక్క ముక్క కలపకూడదు. హానుస్ తాత చదివాడు, తండ్రి చదివాడు. "మనం తూములాంటి వాళ్ళంరా, నీళ్ళు మనవి కావు," అనేవాడు తండ్రి. తూముకు నీళ్ళ రుచి తెలియకుండా పోతే ఏం చెయ్యాలో మాత్రం ఆయన చెప్పలేదు.

భార్య సున్నెవా ఉన్న రోజుల్లో హానుస్ నిజానికి ఆమె కోసమే చదివేవాడు. ఆమె ఆడవాళ్ళ వైపు గోడవారగా కూర్చునేది. ఇంటికి వచ్చి రుమాలు విప్పుతూనే మొదలుపెట్టేది. "ఇవాళేమిటలా పరిగెత్తావు? పొయ్యి మీద కూర వదిలేసి వచ్చినవాడిలాగ!" అనో, "ఆ క్షమాపణ ముక్క బాగా చదివావు, ఇంక నాతో కూడా అలాగే ఉండు," అనో. ప్రసంగం మీద భోజనం అయ్యేదాకా ఇద్దరూ వాదించుకునేవారు. అందులో సగం దెబ్బలాట, సగం ప్రార్థన.

ఆమెకు కడుపులో పుండు ముదిరింది. ఆ శీతాకాలమంతా హానుస్ దేవుణ్ణి అడిగాడు. సముద్రం మీద అడిగాడు, గొర్రెల కొట్టంలో అడిగాడు, ఆమె మంచం పక్కన మోకాళ్ళు కాయలు కాసేలా అడిగాడు. ఆమె పోయింది. అతను దేవుడితో గొడవపడలేదు. పలకరించడానికి వచ్చినవాళ్ళందరికీ "ప్రభువు చిత్తం" అని చెప్పి కాఫీ పోశాడు. ఆ రోజు నుంచి దేవుడితో అతని సంబంధం ఎడమొహం పెడమొహంగా ఉండే చుట్టంతో సంబంధంలా తయారైంది. మర్యాద ఉంది, మాట లేదు.

ముందు భోజనం దగ్గర ప్రార్థన ఆగింది. ఒక్కడే కిటికీ దగ్గర నిలబడి తినేవాడికి ప్రార్థన ఏమిటి? తర్వాత పడుకునే ముందు చేసుకునేదీ ఆగింది. పాపం చేసినవాడికైనా లోపల ఒక ముల్లు గుచ్చుకుంటూ ఉంటుంది. హానుస్‌కు అదీ లేదు. ఆదివారం మాత్రం తప్పేది కాదు. గంట కొట్టేవాడు, చదివేవాడు, అందరితో చెయ్యి కలిపేవాడు, తలుపు తాళం వేసుకుని ఇంటికి వచ్చేవాడు. ఇంట్లో రుమాలు విప్పి తప్పుపట్టే మనిషి లేదు. మూడేళ్ళు అలా గడిచాయి.

ఆ ఏడు చలికాలపు మాంసానికి గొర్రెల్ని కోసే రోజుల్లో పొరపాటు జరిగింది. మామూలుగా అతను ప్రసంగం చదవడం అయ్యాక పుస్తకంలో రిబ్బను తర్వాతి వారానికి మార్చి పెడతాడు. ఆ వారం మరిచిపోయాడు. తర్వాతి ఆదివారం రిబ్బను ఉన్నచోట తెరిచి చదవడం మొదలుపెట్టాడు. అది రోగాలు నయంచేసే బేతెస్ద కోనేటి గట్టున, నీళ్ళలోకి దింపేవాడు లేక ముప్పై ఎనిమిదేళ్ళు పడి ఉన్న రోగి గురించిన ప్రసంగం. యేసు అతని దగ్గరికి వచ్చి, బాగుపడాలని ఉందా అని అడుగుతాడు. ఇదేం ప్రశ్న, రోగికి బాగుపడాలని ఉండదా అని ప్రసంగం రాసినాయన తనే అడిగి, ఉండకపోవచ్చు, అంతకాలం పడుకున్నవాడికి పరుపే ఇల్లైపోతుంది అని తనే జవాబు చెబుతాడు. ఆ పరుపు దగ్గరికి వచ్చేసరికి హానుస్‌కు చెమట పట్టింది. ఇది పోయిన వారం చదివిందే.

ఆపడానికి లేదు. చదువరి మధ్యలో ఆగడం ఆ గుడి ఎరగదు. ఆమేన్ దాకా లాక్కొచ్చి తలెత్తి చూశాడు. అందరూ తలలు వంచుకుని ఉన్నారు. వెనక బల్ల మీద రేయిన్ ఎప్పటిలాగే కళ్ళు మూసుకుని ఉన్నాడు. గుమ్మం దగ్గర చేతులు కలిపేటప్పుడు ఒకరు గాలి ఉత్తరానికి తిరిగిందన్నారు, ఒకరు ఈ ఏడు పొట్టేళ్ళకు కొవ్వు బాగా పట్టిందన్నారు. అంతే.

గండం గడిచిందని సంతోషించాల్సింది. కానీ హానుస్‌కు ఒళ్ళు మండింది. నిన్నటి కూర ఇవాళ పెడితే కుక్క కూడా మొహం తిప్పుకుంటుంది, వీళ్ళకు ఆ మాత్రం కూడా పట్టలేదా? వారమంతా అదే ఆలోచన. మూడో ఆదివారం రిబ్బను సరైన చోటే ఉన్నా, కావాలని పుట వెనక్కి తిప్పి అదే ప్రసంగం మళ్ళీ చదివాడు. కోనేరు దగ్గర ఆగి ఆగి చదివాడు. పరుపు దగ్గర గొంతు పెంచాడు. ఎవరైనా దగ్గుతారేమో, తలెత్తుతారేమో, గుమ్మం దగ్గర పట్టుకుని నిలదీస్తారేమో అని చూశాడు. ఒక్కరూ కిక్కురుమనలేదు. రేయిన్ చెయ్యి కలిపి, పొగాకు నములుతూ దిగిపోయాడు.

ఆ మధ్యాహ్నం ఖాళీ గుడిలో ఒంటరిగా కూర్చున్నప్పుడు హానుస్‌కు స్పష్టంగా తెలిసింది. తన లోపల మంట ఆరిపోయింది, ఊళ్ళోనూ ఆరిపోయింది, ఇంక ఈ గంట ఎవరికోసం కొడుతున్నట్టు? వచ్చే ఆదివారం పాస్టరుగారి వంతు. ఆయన పడవ దిగగానే, వేరేవాణ్ణి చూసుకోండని చెప్పేయాలి. చదవడం మానేస్తే తను మళ్ళీ గుడి గడప తొక్కడని కూడా అతనికి తెలుసు. తెలిసినా బాధ కలగలేదు. అందుకు మాత్రం కొంచెం భయం వేసింది.

కోతలయ్యాక గొర్రె కాలేయం, కొంత కొవ్వు విధవరాళ్ళ ఇళ్ళకు పంచడం ఆ ఊరి ఆనవాయితీ. హానుస్ గిన్నె పట్టుకుని సున్నెవా మేనత్త ఎల్స్పా ఇంటికి వెళ్ళాడు. ఎల్స్పాకు ఎనభై దాటాయి, నోరు మాత్రం పెళ్ళికాని పిల్లది.

"బూట్లు అక్కడే విప్పు అల్లుడూ, నేల ఇప్పుడే తుడిచాను. గిన్నెలో కాలేయం కనబడుతోంది, మొహంలో ఇంకేదో కనబడుతోంది. ఏమిటది?"

"వచ్చే ఆదివారం పాస్టరుగారితో చెప్పేస్తానత్తా. ఇంక నేను చదవను."

"గొంతు నొప్పా?"

"గొంతు బాగానే ఉంది. వినే చెవులేవి? వరసగా మూడు వారాలు ఒకటే చదివాను. రెండోసారి పొరపాటు. మూడోసారి కావాలనే చదివాను. ఒక్కడంటే ఒక్కడు నోరెత్తలేదు. బల్లలకు చదువుకున్నా ఒకటే, మీకు చదివినా ఒకటే."

ఎల్స్పా కాఫీ కెటిల్ కింద పెట్టింది. "ఓహో, మూడోది కావాలనేనా! రేయిన్ అదే అన్నాడు. నేనే కాదన్నాను."

"రేయినా? వాడు నిద్రపోతాడు కదా."

"నీ మొహం. రెండో వారమే మెట్లు దిగుతూ, 'మనవాడు మళ్ళీ కోనేటికే తీసుకెళ్ళాడేమిటి' అన్నాడు. అందరికీ తెలుసు నాయనా. చెవిటి మార్యున్‌కు కూడా తెలుసు, పక్కావిడ మోచేత్తో పొడిచి మరీ చెప్పింది."

హానుస్ గిన్నె బల్ల మీద పెట్టాడు. "మరి నాతో ఎవరూ అనలేదేం?"

"ఏమని అంటాం? సున్నెవా పోయిన దగ్గర్నుంచీ నీ గొంతు ఎలా ఉందో మాకు వినబడ్డంలేదా? చదువుతావు, అందులో నువ్వుండవు. అలాంటివాడు ఒక ప్రసంగం పట్టుకుని వదలకపోతే, అది వీడికే కావాలేమో అనుకున్నాం. గాయానికి కట్టు కట్టుకునేవాడి దగ్గరికెళ్ళి, అది నిన్నటి గుడ్డరా అంటామా? ఎన్ని వారాలు కావాలంటే అన్ని వారాలు విందాం, అనుకున్నాం. నీ కోసం ప్రార్థన చేసుకుంటూ విన్నాం."

"చెప్పొచ్చుగా అత్తా."

"నువ్వు అడగొచ్చుగా అల్లుడూ."

ఆమె కాఫీ పోసింది. ఆ ఊళ్ళో ఎదుటివాడి దుఃఖాన్ని ముట్టుకోకపోవడమే మర్యాద. ఆ మర్యాద వల్ల మూడేళ్ళు ఊరంతా అతని చుట్టూ కూర్చుని ఉన్నా, హానుస్ ఒక్కడే ఉన్నాననుకున్నాడు.

ఇంటికొచ్చి మాంసం ఎండబెట్టే చెక్కకొట్టంలోకి వెళ్ళాడు. పలకల సందుల్లోంచి సముద్రపు గాలి కోస్తోంది. కోసిన గొర్రెల్ని ఒక్కొక్కటే కొక్కేలకు తగిలిస్తూ, ఊరంతా తన కోసం చేస్తున్న ప్రార్థన తనెందుకు చెయ్యకూడదని ప్రయత్నించి చూశాడు. నోటికి వచ్చినవన్నీ పుస్తకంలో మాటలే. సగంలో ఆపేశాడు. అప్పుడు, ఎవరో వింటారేమోనన్నంత మెల్లగా, "నీ మీద నాకు కోపంగా ఉంది," అన్నాడు.

తర్వాత ఆగలేదు. అంత అడిగితే ఏం చేశావని అడిగాడు. ఆమె నొప్పితో మూలుగుతుంటే ఎక్కడున్నావని అడిగాడు. ఇన్నాళ్ళూ నీ పుస్తకం చదివాను కదా, నా ఇంటికి ఒకసారి వచ్చావా అని అడిగాడు. రెండు చేతులా గొర్రెకొవ్వుతో, ముక్కు కారుతూ, తిడుతూ, ఏడుస్తూ ఉండిపోయాడు. జవాబేమీ రాలేదు. గాలి మాత్రం వీస్తూనే ఉంది. కానీ మూడేళ్ళ తర్వాత అతను దేవుడితో మాట్లాడాడు. కోపం చల్లారాక కూడా అక్కణ్ణుంచి కదలబుద్ధి కాలేదు.

ఆదివారం పాస్టరుగారి పడవ రేవు దాకా వచ్చింది. కెరటం రాతిమెట్ల మీదికి ఎగిరి పడుతోంది. రెండుసార్లు ప్రయత్నించి పడవ వెనక్కి తిరిగింది. పాస్టరుగారు లేచి నిలబడి చెయ్యి ఊపారు.

"కూర్చోండయ్యగారూ, కూర్చోండి! మునిగితే మీ సమాధి ప్రసంగం కూడా హానుసే చదవాలి!" అని ఎల్స్పా గట్టు మీంచి అరిచింది. జనం నవ్వుకుంటూ గుడివైపు నడిచారు.

హానుస్ గంట కొట్టి పుస్తకం తెరిచాడు. ఈసారి తప్పు వారమని తెలుసు, వాళ్ళకు తెలుసనీ తెలుసు. నాలుగోసారి అదే ప్రసంగం ఎత్తుకున్నాడు. గుడిలో ఎవరూ కదల్లేదు. కోనేరు వచ్చింది, జనం వచ్చారు, నీళ్ళలోకి ఎవరూ దింపని ఆ రోగి వచ్చాడు. చదువుతుంటే మొట్టమొదటిసారి అతనికి తన గొంతు తనకే వినిపించింది. నీకు బాగుపడాలని ఉందా, అని చదివి ఆగిపోయాడు.

తర్వాతి వాక్యం కళ్ళ ముందే ఉంది. చదవలేదు. బల్లను రెండు చేతులా పట్టుకున్నాడు.

"ఉంది," అన్నాడు.

ఆ గుడిలో చదువరి నోట అచ్చుకాని మాట పుట్టడం అదే మొదలు. "చాలాకాలం లేదు ప్రభువా. ఇప్పుడు ఉంది." తర్వాత ఆగినచోటు వెతుక్కుని, తడబడుతూ, అక్షరాలు అలుక్కుపోతుంటే కళ్ళు తుడుచుకుంటూ చివరిదాకా చదివాడు. ఎవరూ తలెత్తి చూడలేదు. ఎందుకు చూడలేదో ఇప్పుడు అతనికి తెలుసు.

గుమ్మం దగ్గర చేతులు కలిపారు. గాలి గురించే మాట్లాడారు. ఎల్స్పా అతని చెంప మీద ఒక్కటి తట్టి వెళ్ళిపోయింది. అందరికంటే చివర రేయిన్ వచ్చాడు. కలిపిన చెయ్యి వదల్లేదు.

"నాకూ," అన్నాడు.

"నీకూ ఏమిట్రా?"

"నువ్వన్నావు చూడు, అదే. మా తమ్ముణ్ణి సముద్రం తీసుకున్నప్పట్నుంచీ అక్కడ కూర్చుని కళ్ళు మూసుకుంటున్నాను. లోపలేం లేదు. నువ్వెలా మొదలుపెట్టావు?"

"తిట్టి మొదలుపెట్టాను," అన్నాడు హానుస్. "భోజనానికి రా."

ఆ రోజు కిటికీ దగ్గర కాక బల్ల దగ్గర రెండు కంచాలు పెట్టాడు. ఉడికించిన దుంపలు, చేప, కరిగించిన కొవ్వు. చేతులు జోడించి ప్రార్థన మొదలుపెట్టాడు. సున్నెవా గురించి చెప్పాడు, ఎల్స్పా గురించి చెప్పాడు, వెనక్కి తిరిగిపోయిన పడవ గురించి చెప్పాడు. ఒకసారి ఎత్తుకున్నాక ఎక్కడ ఆపాలో తెలియలేదు. దుంపలు చల్లారుతున్నాయని గుర్తొచ్చి ఆమేన్ అనబోయాడు.

రేయిన్ కళ్ళు తెరవలేదు. "ఆపకురా. మా తమ్ముడి సంగతి కూడా ఆయనకు చెప్పు," అన్నాడు.

"నువ్వే చెప్పరా. వింటాడు."

ఆ మాట అనేశాక గానీ, తాను దాన్ని నమ్ముతున్నట్టు హానుస్‌కు తెలియలేదు.